ఏడాది పొడుగునా ఆషాఢం

మొన్న మా తమ్ముడి కూతురు పద్మ తన పెళ్ళిబట్టలకని నన్ను తిరుపతికి లాక్కుపోయింది. వద్దే తల్లీ, నాకు మోకాళ్ళ నొప్పులు, ఆ జనంలో నేను నిలబడలేను అంటే వినదు. "గుడ్డ చూసేది నీకు తెలిసినట్టు ఎవురికి తెలుసత్తా? నువ్వు రాకపోతే మాకు ఏదంటే అది అంటగడతారు" అని పైగా ఒక పొగడ్త. పొగిడితే ములగచెట్టెక్కే జన్మ కదా నాది, బయల్దేరాను. నాలుగంతస్తుల కొట్టు. వాకిట్లో నా ఎత్తున అక్షరాలు రాసి కట్టారు, ఆషాఢం తగ్గింపు ధరలని. లోపల కాలు పెట్టే సందు లేదు. పట్టుచీరల దగ్గర పరుపుల మీద పెళ్ళికూతుళ్ళు, వాళ్ళ అమ్మలు, మేనత్తలు చీరల కుప్పల్లో మునిగిపోయి ఉన్నారు. "ఆషాఢంలో పెళ్ళిచీర కొంటారా?" అన్నాను, నోరు ఊరుకోక. పద్మ నన్ను వింతగా చూసి, "ఇప్పుడే గదత్తా చవగ్గా వచ్చేది. అందురూ ఇప్పుడే కొని పెట్టుకుంటారు" అంది. పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను. ఆ పిల్ల నాకు షుగరు పడిపోయిందనుకుని ఎవరినో అడిగి చాక్లెట్టు తెచ్చి నోట్లో పెట్టింది. షుగరు కాదు నా తల్లీ. నలభై ఏళ్ళ కిందట ఈ మాటే అన్నందుకు మా నాయన్ని ఊరంతా కలిసి ముంచింది. ఆ ఊరిలో నేనూ ఉన్నాను.

మా నాయన పేరు మునిరత్నం. చిన్నప్పుడు నెత్తిన మూట పెట్టుకుని చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో గుడ్డలు అమ్మినవాడు. ఆయనకొక అలవాటుండేది. ఎవరితో మాట్లాడుతున్నా సరే, ముందు వాళ్ళ పైగుడ్డ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి ఒక్కసారి నలిపేవాడు. చుట్టాలు కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేలోపలే వాళ్ళ కండువా ఏ ఊరి మగ్గం మీద నేసిందో, ఎన్ని ఉతుకులకు నిలుస్తుందో చెప్పేసేవాడు. ఇది పెళ్ళిళ్ళలో, తద్దినాల్లో, బస్సుల్లో కూడా సాగేది. అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. "మొగోళ్ళ కండువాలతో ఆపు సామీ. ఆడోళ్ళ కొంగు పట్టుకున్నావంటే తన్నులు తినొస్తావు" అనేది. నాయన నవ్వి, అమ్మ కొంగే పట్టుకుని నలిపి, "ఇది మాత్రం మోసపోయి కొనింది" అనేవాడు.

మా ఇంటి ముందుగది నిండా గుడ్డల మూటలే. గంజి వాసన, కొత్త నూలు వాసన, కలరా ఉండల వాసన కలిసి ముక్కులో ఎప్పుడూ ఉండేవి. నేను ఆ మూటల మీద పడుకుని చదువుకున్నాను, వాటి మీదే నిద్రపోయాను. పొద్దున్నే మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, సంగటి కెలికి ముద్దలు చేసేది. దాంట్లోకి ఊరిబిండి పచ్చడి. నాయన తిని లేచి, శనగపిండి రుద్దుకుని మోచేతుల దాకా చేతులు కడుక్కునేవాడు. గుడ్డ ముట్టే చేతికి నూనె జిడ్డు ఉండకూడదు, అది ఆయన మడి. రెండు మూడు నెలలకొక అమావాస్య నాడు కొట్టు మూసి, ఇంట్లో చాపలు పరిచి, పట్టుచీరలన్నీ విప్పి మడతలు మార్చి మళ్ళీ వేసేవాళ్ళం. చేతులు పడిపోయేవి. ఎందుకు నాయనా ఈ చాకిరీ అంటే, "పట్టుకు మడత మార్చకుంటే ఆ మడత కాడనే సచ్చిపోతాది అమ్మణ్ణీ. మడిసి అయినా అంతే, ఒకే పక్క పడుకోబెట్టి చూడు" అనేవాడు. నన్ను అమ్మణ్ణీ అనే పిలిచేవాడు, కోపం వచ్చినా కూడా.

ఆషాఢం ఆలోచన నారాయణవనం వీధుల్లో పుట్టింది. ఆషాఢం శూన్యమాసం, పెళ్ళిళ్ళు ఉండవు. కొత్త కోడళ్ళు పుట్టిళ్ళకు పోతారు, అత్తా కోడలూ ఒక గడప దాటకూడదంటారు. ఆ నెలలో మంచి గుడ్డ ఎవరూ కొనరు. పుత్తూరు, నగరి, నారాయణవనం పక్క మగ్గాల వాళ్ళు నేసిన సరుకు ఇంట్లో పెట్టుకుని, గింజల కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్ళు. నాయన ఆ నెలలో పోయి, ఉన్నదంతా రొక్కమిచ్చి తెచ్చేవాడు. వాళ్ళకు పొయ్యి వెలిగేది, ఈయనకు సరుకు చవగ్గా వచ్చేది. మిల్లు గుడ్డలు, స్టీలు గిన్నెలు, గొడుగులు, ప్లాస్టిక్కు బక్కెట్లు, ఏదైనా అంతే, ఎవరికీ అక్కర్లేని నెలలో కొనడం. అలా కొన్నది ఆషాఢం ధరకే ఏడాదంతా అమ్మితే? మద్రాసులో ఆడినెల, అంటే అరవల ఆషాఢం, తగ్గింపని ఒక్క నెల చేస్తారు, మనం పన్నెండు నెలలూ చేద్దాం అన్నాడు. అన్నవాడు ఊరుకోక కొట్టుకు పేరు కూడా అదే పెట్టాడు. ఆషాఢం స్టోర్స్. పచ్చటి గుడ్డసంచుల మీద ఎర్ర అక్షరాలతో 'ఏడాది పొడుగునా ఆషాఢం' అని అచ్చు వేయించాడు.

అవ్వ ఆ సంచి చూసి నెత్తి కొట్టుకుంది. "ఒరే మునిరత్నం, శూన్యమాసం పేరు ఎవురన్నా బోర్డు మింద రాస్తారంట్రా? వాకిట్లో దీపం పెట్టాల్సిన కాడ చీపురు నిలబెట్టినట్టుండాది" అంది. నాయన, "యాడ కొనింది, ఎప్పుడు కొనింది దాచిపెట్టకుండా చెప్తా ఉండాను గదమ్మా. దీంట్లో తప్పేముండాది?" అన్నాడు. తప్పేమీ లేదు. అదే ఆయన చేసిన తప్పు. నిజాన్ని బోర్డు మీద రాస్తే జనం మెచ్చుకుంటారనుకున్నాడు, పిచ్చి మారాజు.

మెచ్చుకున్నారు కూడా, మొదట్లో. అబ్బ, ఆ జనం! చిత్తూరు కొట్టు తెరిచిన ఏడాదికే తిరుపతిలో బస్టాండు దగ్గర ఇంకొకటి, తరువాత పుత్తూరులో, ఆ పైన నాయుడుపేటలో. ఒకే ధర, బేరం లేదు. సరుకు మనమే చేత్తో ముట్టి చూసుకోవచ్చు. అప్పట్లో ఈ రెండూ వింతే. నాయనతో మూట మోసిన కాలం నుంచీ ఉన్న కుప్పయ్య మామ అమ్మకానికి పెద్ద. "రెండు తువ్వాళ్ళు తీసుకుంటా, అర్ధరూపాయి తగ్గించుకో" అని ఎవరైనా ముసలాయన బేరానికి దిగితే, "తగ్గించేసినాం తాతా, పోయిన ఆషాఢంలోనే తగ్గించేసినాం" అని చేతులు జోడించేవాడు. తిరుపతి కొట్టుకు గుండు చేయించుకున్నవాళ్ళు తడి తలలతో వచ్చి తువ్వాళ్ళు కొనేవాళ్ళు. నాయుడుపేట కొట్టుకు పులికాట్ పక్క నుంచి చేపలమ్మే ఆడవాళ్ళు ఎండురొయ్యల వాసనతో గుంపుగా దిగేవాళ్ళు. అక్కడి పనివాడొకడు ముక్కు మూసుకున్నాడని నాయన అందరి ముందర కడిగేశాడు. "ఆ వాసనే నీకు అన్నం పెడతా ఉండాది. ముక్కు మూసుకోవాలంటే ఇంటికి పొయ్యి మూసుకో" అన్నాడు. ఏ బస్సెక్కినా పదిమంది చేతుల్లో మా పచ్చసంచి కనిపించేది. నేను కిటికీ పక్కన కూర్చుని లెక్కపెట్టి, ఇంటికొచ్చి చెబితే నాయన పొంగిపోయేవాడు.

ఆ సంచుల్లో ఏముండేదో మాత్రం మేము చాలాకాలం గమనించలేదు. తువ్వాళ్ళు, లంగాగుడ్డలు, బడి పిల్లల చొక్కాలు, బక్కెట్లు. పట్టు ఉండేది కాదు. మాఘం వచ్చినా వైశాఖం వచ్చినా, ముహూర్తాలు మొదలైతే మా కొట్లలో ఈగలు తోలుకోవడమే. ఊరూరా పెళ్ళిళ్ళు జరుగుతుంటే మా పట్టుచీరలు అల్మారాల్లో ముడుచుకుని కూర్చునేవి. బట్టల వ్యాపారానికి పెళ్ళే పంట, తక్కినదంతా గట్టు మీది గడ్డి. నాయన తిరుపతి కొట్టు మేడ మీద పెళ్ళి పట్టుకని ప్రత్యేకంగా గది కట్టించాడు, అద్దాలు, పరుపులు, ఫ్యాన్లు పెట్టించాడు. కుప్పయ్య మామను అక్కడ కూర్చోబెట్టాడు. మెట్లెక్కినవాళ్ళు లేరు. కింద తువ్వాలు కొన్న మనిషిని పైకి రమ్మంటే, "ఏమప్పా, శుభమా అని పెళ్ళి జేస్తా, ఆషాఢం చీర కట్టమంటావా?" అని వెళ్ళిపోయేవాడు. కుప్పయ్య మామ ఒకరోజు ఇంటికి వచ్చి, తల దించుకుని, "పేరు మార్చేద్దాం అన్నా. ఏదన్నా దేవుడి పేరు పెడదాం. ఇట్లే పోతే నాలుగు కొట్లూ నిలవవు" అన్నాడు. "మార్చితే ఇన్నాళ్ళూ మనం అమ్మింది అశుభమని మనమే ఒప్పుకున్నట్టు గాదా కుప్పయ్యా?" అన్నాడు నాయన.

అప్పుడే నాకు సంబంధం కుదిరింది. కాణిపాకం దగ్గరి వాళ్ళు. నాయన మొహంలో మళ్ళీ వెలుగొచ్చింది. అది నా పెళ్ళి కోసమని మాత్రమే అనుకున్నాను. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నా బిడ్డ తాళి కట్టించుకునేది మన కొట్టు చీరలో అని నాలుగూర్లూ చూస్తే, వొచ్చే ముహూర్తాలకి మేడ మింద జాగా ఉండదు చూడు" అన్నాడు. ముహూర్తం చీర మగపెళ్ళివారు పెట్టడం మా వైపు ఆనవాయితీ. నాయన వాళ్ళింటికి పోయి, ఆ ఒక్కటి మాత్రం నాకు వదిలిపెట్టండి అని బతిమాలుకుని వచ్చాడు. నారాయణవనంలో ఒక ముసలి నేతగాడు ఆషాఢంలో నేసిన చీర అది. అరక్కు రంగు, అదే లక్క ఎరుపు, మామిడిపిందెల అంచు. దాన్ని చిత్తూరు కొట్లో అద్దాల పెట్టెలో నెలరోజులు పెట్టి, పక్కన అట్టముక్క మీద తన చేత్తోనే 'మా అమ్మణ్ణి పెళ్ళి చీర' అని రాసి ఆనించాడు. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. కొంతమంది ఆడవాళ్ళు లోపలికి వచ్చి, "నిజంగా మీ బిడ్డకేనా?" అని అడిగి, ధర కనుక్కుని పోయారు. నాయన ఆ నెలంతా రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. నాలుగు కొట్లూ ఆ ఒక్క చీర మీద నిలబడి ఉన్నాయని ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

అవ్వ వంటింట్లో నన్ను పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. "ఆ చీర కట్టుకుని తాళి కట్టించుకుంటే మొగుడూ పెళ్ళాం ఒక గడప తొక్కరు తల్లీ. వాడికేం, వాడికి వాడి బోర్డు ముఖ్యం" అని. ముసలామె ఏదో అంటుందిలే అని అమ్మ మొదట కసిరింది. రోజూ వింటూ వింటూ అమ్మకూ గుండెలో గుబులు పట్టుకుంది. నాకు పంతొమ్మిదేళ్ళు. ఇంటరు దాకా చదివాను, మూఢనమ్మకాల మీద బడిలో వ్యాసం రాసి బహుమతి కూడా తెచ్చుకున్నాను. అయినా భయపడ్డాను. దీనికి ఇంకో పేరు పెట్టి నన్ను నేను కాపాడుకోలేను. ఒకరోజు అమ్మతో, "నాకొద్దమ్మా ఆ చీర" అన్నది నేనే. అమ్మ ఎదురుచూస్తున్నట్టే ఉంది. కామాక్షమ్మకు మొక్కుబడి అని నాయనకు చెప్పి, ఇద్దరం కంచి బస్సెక్కాం. అచ్చం అదే అరక్కు రంగు, అదే పిందెల అంచు. అలాంటి చీర కొని పచ్చసంచిలో పెట్టుకుని వస్తే ఎవరికి తెలుస్తుంది?

ఆ కంచి కొట్లో, మేము చీర తీయించుకుంటూ ఉండగా, వెనక నుంచి "ఏమక్కా, మీరూ ఈడికేనా?" అని వినిపించింది. తిరిగి చూస్తే మా వీధి సరోజక్క, తన కూతురిని వెంటబెట్టుకుని. వాళ్ళింట్లో కూడా ఆ ముహూర్తాలకే పెళ్ళి. అద్దాల పెట్టె ముందు రెండుసార్లు నిలబడి ధర అడిగి పోయినామె. అమ్మ చేతిలోని చీర వొళ్ళో పడిపోయింది. సరోజక్క చీరను చూసింది, నన్ను చూసింది. ఎగతాళి చేయలేదు పాపం, నిజంగానే నిట్టూర్చింది. "మీరే ఈడికొస్తే ఇంక మేమేం జేసేదిలే. మేం ఇంకా మీ చీర కట్టిద్దామా అని ఇంట్లో కొట్లాడుకుంటా ఉండాం" అంది. అయినా ఆ చీరనే కొని, పచ్చసంచిలో పెట్టుకుని బస్సెక్కాం. చీర వెనక్కి ఇచ్చేద్దామని నాకు తట్టింది. సంచి ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను.

పెళ్ళినాడు పొద్దున, పీటల మీద, నాయన నా చేయి తీసి పెళ్ళికొడుకు చేతిలో పెడుతున్నాడు. కొంగు భుజం మీంచి జారింది. సర్దడానికని అంచు పట్టుకున్నాడు. ఆయన చూపు పంతులు వైపే ఉంది. వేళ్ళు మాత్రం వాటి పని అవి చేశాయి, బొటనవేలు, చూపుడువేలు, ఒక్కసారి. అప్పుడు తల తిప్పి నా వైపు చూశాడు. మేళాలు మోగుతున్నాయి, అందరూ అక్షింతలు చేతబట్టి చూస్తున్నారు. నాయన కొంగు జాగ్రత్తగా భుజం మీద వేసి, "మంచి గుడ్డ" అన్నాడు. ఇంకోసారి, నాకొక్కదానికే వినపడేట్టు, "మంచి గుడ్డ తల్లీ" అన్నాడు. అమ్మణ్ణీ అనలేదు.

తరువాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సరోజక్క చెప్పిందో, ఆమె కూతురు చెప్పిందో, పదిరోజుల్లో బజారువీధికంతా తెలిసిపోయింది. ఓనరు బిడ్డకే పనికిరాని చీర మనకు అమ్మజూసినాడు అన్నారు. అన్నవాళ్ళను తప్పుపట్టే నోరు నాకు లేదు. కుప్పయ్య మామ ఒక్కడే తిరుపతిలో, చిత్తూరులో, కనబడిన ప్రతివాడితోనూ కొట్లాడాడు, "అబద్ధం, ఆ చీర నేను మడతేసి ఇచ్చినా" అని. నేను మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు గడపలో నిలబడి, "నువ్వొక్క మాట చెప్పు పాపా, నేను పొయ్యి వాళ్ళ నోళ్ళు మూయిస్తా" అన్నాడు. నేను తల వంచుకున్నాను. ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ముందు నాయుడుపేట మూశారు, తరువాత పుత్తూరు. తిరుపతి కొట్టు బోర్డు దించినరోజు మేడ మీది పరుపులను టీకొట్టు వాళ్ళు కొనుక్కుపోయారట. ఆషాఢం వస్తే నారాయణవనం నుంచి ముసలి నేతగాళ్ళు ఒకరిద్దరు బస్సెక్కి ఇంటికి వచ్చి, ఈసారి రాలేదేమప్పా అని అడిగి, మజ్జిగ తాగి పోయేవాళ్ళు. చిత్తూరు కొట్టు ఒక్కటి మిగిలింది. అందులో నాలుగు తువ్వాళ్ళు, నాలుగు గొడుగులు పెట్టుకుని నాయన రోజూ చేతులు కడుక్కుని పోయి కూర్చునేవాడు. ఎవరి కండువానూ పట్టుకునేవాడు కాదు. ఆ అలవాటు పోయింది.

మమ్మల్ని ఒక్కమాట అనలేదు. తిట్టి ఉంటే, చెయ్యి చేసుకుని ఉంటే బాగుండేది. చాలా ఏళ్ళకు, ఆయన మంచాన పడ్డాక, ఉండబట్టలేక నేనే అడిగాను, "నాయనా, ఆరోజు నన్నెందుకు అడగలేదు?" అని. గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "ఏమడిగేదమ్మా. బిడ్డనే నమ్మించలేకపోయినా, ఊరికేం చెప్తా?" అన్నాడు. అంతే. కంచి చీర నన్నేమైనా కాపాడిందా అంటే అదీ లేదు. ఏడో ఏడు తిరక్కముందే మా ఆయన జ్వరంతో పోయాడు. మళ్ళీ చిత్తూరు చేరాను. అవ్వ అప్పటికే లేదు, ఉంటే ఏమనేదో అడగాలని ఉండేది నాకు.

తిరుపతి నుంచి వచ్చిన మర్నాడు, అమ్మ సంవత్సరీకం కూడా అయిపోయింది కదా అని, పద్మా నేనూ అమ్మ ట్రంకుపెట్టె తెరిచాం. అన్నిటికీ అడుగున పచ్చసంచి. ఎర్ర అక్షరాలు వెలిసిపోయాయి. దాంట్లో అరక్కు చీర. పైన నాయన రాసిన అట్టముక్క. అది ఏమైందో నేను ఏనాడూ అడగలేదు, అమ్మ ఏనాడూ చెప్పలేదు. దాన్ని చూసే ధైర్యం లేక పెట్టె అడుక్కి తోసేసి ఉంటుంది. నా వేళ్ళు ఆగలేదు. అంచు పట్టుకుని నలిపాను. నాయనతో మూటల మధ్య పెరిగినదాన్ని, ఆ మాత్రం నాకూ తెలుసు. నా పెళ్ళిచీర దీనికి సాటిరాదు. పద్మ కళ్ళు పెద్దవి చేసుకుంది. "అబ్బా, ఏం చీర అత్తా ఇది! నిన్న కొట్లో ఇట్లాంటిది ఒకటన్నా ఉన్నిందా? నేను దీన్నే కట్టుకుంటా పెళ్ళికి" అంటూ భుజాన వేసుకోవడానికని విదిలించింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. మొదటి మడత దగ్గర విడిపోయింది. ఆపమనేలోగా రెండోది, మూడోది. పలకలు పలకలుగా ఆ పిల్ల చేతుల్లోంచి నేల మీద పడింది.

"అయ్యో, అయ్యో" అంటూ పద్మ ముక్కలు ఏరుతోంది. "ఇంత మంచి చీరని ఒక్కసారన్నా మడత మార్చకుండా ఎవురత్తా ఇట్ల వదిలేసింది?"

"నేనే" అన్నాను.